ఎంగిలి పడని నాలుక

గెడ్డవలస విశ్వవిద్యాలయంలో లైబ్రరీ కప్పు కారుతుంది. హాస్టల్లో నీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయి. పాఠాలు చెప్పే పోస్టుల్లో సగం ఖాళీ. వీటి మీద ఏ తనిఖీ బృందమూ ఎన్నడూ ఒక్క ముక్క రాయలేదు. కిందటిసారి గ్రేడు ఇవ్వడానికొచ్చిన బృందం అధ్యక్షుడు మాత్రం గెస్ట్ హౌసులో పూటపూటా బీరకాయ పప్పు తిని విసిగిపోయి, వెళ్తూ వెళ్తూ ఒక వాక్యం రాసి పారేశాడు: ఇక్కడి విద్యార్థులకు అంతర్జాతీయ రుచుల పరిచయం లేదు.

అంతే, యూనివర్సిటీకి పూనకం వచ్చింది.

ఆ పెద్దమనిషి చేతులు కడుక్కుంటూ తన థాయిలాండు ప్రయాణం గురించి ఏదో ముచ్చటించాడని గెస్ట్ హౌసు వంటమనిషి చెప్పాడు. దాంతో అంతర్జాతీయం అంటే థాయిలాండేనని తేలిపోయింది. మెయిన్ గేటు పక్కన యూనివర్సిటీ స్థలంలో నాలుగు షాపు గదులున్నాయి. ఏడాది తిరక్కుండా మూడిట్లో మూడు థాయ్ హోటళ్ళు వెలిశాయి. నాలుగో గదికి తాళం. అందులో పాత బెంచీలు పడేసి ఉంటాయి.

మొదటిది బ్యాంకాక్ భవన్. అంతకుముందు అది టిఫిన్ సెంటరు. రిజిస్ట్రారు త్రివిక్రమరావుగారి తోడల్లుడిది. బోర్డు మారింది, పెనం మారలేదు. రెండోది థై థై. పాలకమండలి సభ్యుడొకాయన బావమరిదిది. అక్కడ గోడ మీద ఏనుగు బొమ్మ ఉంది, గుమ్మంలో ఒక అమ్మాయి వచ్చినవాళ్ళకి నడుం వంచి నమస్కారం పెడుతుంది, కాబట్టి అది కూడా థాయే. మూడోది నోయ్ వంటిల్లు. సముద్రం ఒడ్డు పల్లెకి చెందిన పైడిరాజు థాయిలాండులోని ఫుకెట్‌లో పడవల మీద పనిచేసి, నోయ్ అనే అక్కడి అమ్మాయిని పెళ్ళాడి వెంటబెట్టుకొచ్చాడు. ఆవిడ కర్ర రోట్లో పచ్చి బొప్పాయి కోరు, మిరపకాయలు, నిమ్మరసం, వేరుశెనగ పలుకులు వేసి దంచుతుంటే ఆ వాసనకి గేటు దాటి లోపలికి పోవాల్సినవాడు కూడా వెనక్కి తిరుగుతాడు. ఊరు ఆవిడని నోయమ్మని చేసేసుకుంది.

ఆ వెనక్కి తిరిగేవాళ్ళలో బెవర సుగుణాకర్ ఒకడు. తులనాత్మక సాహిత్య శాఖలో పదకొండేళ్ళుగా కాంట్రాక్టు లెక్చరరు. ఆ శాఖకి అధిపతీ, ఆచార్యుడూ, చాక్‌పీసులు తెచ్చుకునేవాడూ అన్నీ అతనే, ఎందుకంటే అందులో ఇంకెవరూ లేరు. రోజూ మధ్యాహ్నం నోయ్ వంటిల్లులో మూల బల్ల దగ్గర కూర్చుని బొప్పాయి సలాడు తింటాడు, ముక్కు తుడుచుకుంటాడు, ఇంకోసారి వడ్డించమంటాడు. నోయ్ అతన్ని ఆచాన్ అంటుంది. వాళ్ళ భాషలో మాస్టారు అని. ఆ ఊళ్ళో అతన్ని పర్మనెంటు ఉద్యోగిలా పిలిచేది ఆవిడొక్కతే.

ఇంతలో మళ్ళీ తనిఖీ దగ్గర పడింది. అయిదేళ్ళకోసారి వచ్చే ఈ జాతరకి ముందు గోడలకి సున్నం, చెట్లకి ఎర్రమట్టి, సిబ్బందికి చెమట మామూలే. ఈసారి అదనంగా ఒక నిర్ణయం వెలువడింది. మూడు థాయ్ హోటళ్ళుంటే బృందానికి గందరగోళం. ఒకదానికే 'గుర్తింపు పొందిన థాయ్ భోజనశాల' అని బోర్డు ఇవ్వాలి, మిగతా రెండూ ఖాళీ చేయించాలి. ఏదో ఒకటి ఎంచాలంటే పోల్చాలి. పోల్చడం ఎవరి పని? వీసీగారు శాఖల పట్టికలో వేలు పెట్టి వెతికారు. వేలు తులనాత్మక సాహిత్య శాఖ దగ్గర ఆగింది.

రిజిస్ట్రారు గదికి పిలుపు వచ్చేసరికి సుగుణాకర్‌కి సంగతి తెలిసిపోయింది. ఇది ఉచ్చు. బ్యాంకాక్ భవన్ కాదంటే రిజిస్ట్రారుకి కోపం. థై థై కాదంటే పాలకమండలికి కోపం. ఆ రెండిట్లో ఏది అవునన్నా నోయ్ గిన్నెలు రోడ్డు మీద. పైగా రిజిస్ట్రారు బల్ల మీద అతని సొంత ఫైలుంది. ఆ శాఖలో ఒక పర్మనెంటు పోస్టు మంజూరైంది, ఇంటర్వ్యూ తనిఖీ అయిన వారానికే. త్రివిక్రమరావుగారు మాట్లాడినంతసేపూ ఆ ఫైలుని చూపుడువేలితో మెల్లగా అటూ ఇటూ జరుపుతూనే ఉన్నారు.

"విశ్వవిద్యాలయ ప్రతిష్ఠ దృష్ట్యా, విధివిధానాలకు లోబడి, సమగ్ర తులనాత్మక అధ్యయనం గావించి, నిష్పాక్షికమైన నివేదిక సమర్పించవలసిన గురుతర బాధ్యత మీ భుజస్కంధాల మీద ఉంచబడినది," అన్నారాయన.

సుగుణాకర్ తప్పించుకునే దారి వెతికాడు. నిష్పాక్షికం అన్న మాట దొరికింది. దాన్ని పట్టుకుని వేలాడాడు. నిష్పాక్షికం అంటే మాటలు కాదండి, ఇదివరకే థాయ్ తిండి తిన్నవాడికి ఏదో ఒకటి నచ్చే ఉంటుంది, నచ్చినవాడు తీర్పు ఎలా చెబుతాడు, తిన్నవాళ్ళెవరూ ఇందులో ఉండకూడదండి అన్నాడు. మరి నేనయితే రోజూ, అని తర్వాతి మాట అనబోయాడు. అదే అతని పథకం. తిన్నానని చెప్పి బయటపడిపోదామని.

కానీ త్రివిక్రమరావుగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"మా అమ్మగారు నైవేద్యం వండితే రుచి చూసేవారు కాదండి. ఎంగిలవుతుందని. ఉప్పు సరిపోయిందో లేదో దేవుడికే వదిలేసేవారు. ఇన్నాళ్ళకి ఆ సూత్రాన్ని ఉన్నత విద్యలోకి తెచ్చారు మీరు. అవునూ, మీరు తినలేదు కదా?"

వేలు ఫైలు మీద ఆగింది. సుగుణాకర్ ఆ వేలిని చూశాడు. పదకొండేళ్ళ కాంట్రాక్టు గుర్తొచ్చింది. పిల్లనిచ్చిన మామ ప్రతి పండక్కీ "ఇంకా అలాగే ఉందా ఉద్యోగం" అని అడిగే అడుగు గుర్తొచ్చింది.

"లేదండి," అన్నాడు.

ఆ సాయంత్రమే ఆదేశం వచ్చింది. థాయ్ ఆహారమును పూర్వము రుచి చూసిన వారెవ్వరును పరిశీలనకు అనర్హులు అని దాని సారాంశం. ముగ్గురు ప్రొఫెసర్లతో ఒక ఎంగిలి పడని కమిటీ ఏర్పడింది. వాళ్ళు ముగ్గురూ జీవితంలో కారప్పూస కంటే విదేశీ వస్తువు నోట పెట్టనివాళ్ళని గట్టిగా విచారించి మరీ వేశారు.

కమిటీ మొదట బ్యాంకాక్ భవన్‌కి వెళ్ళింది. టామ్ యామ్ సూపని తోడల్లుడు తెచ్చిపెట్టాడు. జంతుశాస్త్రం ప్రొఫెసరు తాగి, చారులా ఉందన్నాడు. చరిత్ర ప్రొఫెసరు, థాయిలాండులో చారు ఇలాగే ఉంటుందేమో మనకేం తెలుసు అన్నాడు. గణితం ప్రొఫెసరు ఏమీ అనకుండా చివర్లో పెరుగన్నం అడిగాడు. పెరుగన్నం వచ్చింది. పేరు బ్యాంకాక్ కర్డ్ రైస్. ముగ్గురూ సంతృప్తిగా తేన్చి, పక్కనున్న థై థైకి నడిచారు. గుమ్మంలో అమ్మాయి నమస్కారం పెట్టింది. గణితం ప్రొఫెసరు ఒక కాలు లోపల పెట్టి ఆగిపోయాడు.

ఇప్పుడు మనం తిన్నాం కదా అన్నాడు. తిన్నాం. తిన్నవాళ్ళు అనర్హులు కదా. మిగతా ఇద్దరికీ చెమట పట్టింది. సగం లోపలా సగం బయటా నిలబడి ఆ కాలు వెనక్కి తీసుకోవచ్చా, తీసుకుంటే అది అభిప్రాయం కిందికి వస్తుందా అని తర్జనభర్జన పడ్డారు. రిజిస్ట్రారుకి ఫోను కొట్టారు. ఆయన సూత్రం సూత్రమే అన్నారు.

కాబట్టి థై థైకి కొత్త ముగ్గురు, నోయ్ వంటిల్లుకి మరో కొత్త ముగ్గురు కావలసి వచ్చారు. ఒక్కో హోటల్లో ఒక్కో గుంపు తిన్నది. ఒకదానిలో తిన్నవాడు ఇంకోదాని గుమ్మం తొక్కలేదు. పోల్చవలసింది సుగుణాకర్, అతనేమో ఏదీ తినకూడదు. తొమ్మిదిమందీ వచ్చి బాగుంది, పుల్లగా ఉంది, వేడిగా ఉంది అని చెబుతుంటే అతను కుర్చీలో కూర్చుని తలాడించాడు. నోయ్ వంటిల్లులో తిన్న ముసలి ప్రొఫెసరు ఒకాయన మాత్రం అదేంటో చెప్పడం చేతకాక, కళ్ళు మూసుకుని, "నాకు మా ఆవిడ గుర్తొచ్చిందయ్యా" అన్నాడు. ఆయన భార్య బతికే ఉంది. ఇంట్లోనే ఉంది. అయినా గుర్తొచ్చింది.

అప్పుడు త్రివిక్రమరావుగారికి ఇంకో అనుమానం తగిలింది. రుచి గురించి విన్నా మనసు ఒకవైపు వాలుతుంది కదా? వినడం కూడా చెవితో చేసే ఎంగిలే కదా? అందుచేత తొమ్మిదిమంది అభిప్రాయాలూ సుగుణాకర్ చెవిన పడకుండా జాగ్రత్త పడాలని మరో ఆదేశం. విన్నవాటిని మరిచిపోయినట్టు అతని దగ్గర హామీ తీసుకున్నారు. ఇక అతను చూడకుండా, తినకుండా, వినకుండా పోల్చాలి.

అంతటితో ఆగితే అది యూనివర్సిటీ ఎందుకవుతుంది? తొమ్మిదిమంది ఒక్క వారంలో చెడిపోయారు. ఇలాగే అందరూ తింటూ పోతే రేపు పునఃపరిశీలన వస్తే ఎంగిలి పడని మనిషి ఎక్కడ దొరుకుతాడు? అర్హులైన మానవ వనరులను పరిరక్షించే నిమిత్తం, నివేదిక వచ్చేవరకు విద్యార్థులుగానీ సిబ్బందిగానీ థాయ్ ఆహారం తినరాదని నిషేధం పెట్టారు. అంతర్జాతీయ రుచులు పరిచయం చేయడానికి మూడు హోటళ్ళు పెట్టించిన సంస్థ, ఆ రుచులు ఎవరికీ తగలకుండా కాపలా పెట్టింది. గేటు గార్డు అప్పలస్వామి డ్యూటీ మారింది. లోపలికొచ్చే ప్రతివాడి చేతివేళ్ళూ వాసన చూడడం అతని పని. పిల్లలు వరసలో నిలబడి చేతులు చాపేవారు. అప్పలస్వామికి మొదటిరోజు వాంతి వచ్చింది, తర్వాత అలవాటైంది. నిమ్మకాయ వాసన వస్తే క్లాసుకి రానిచ్చేవాడు కాదు.

బ్యాంకాక్ భవన్ వెనక గుమ్మంలోంచి ఎప్పటిలాగే ఇడ్లీ అమ్ముకుంది. థై థై పెళ్ళి భోజనాల కాంట్రాక్టులు పట్టుకుంది. నోయ్ వంటిల్లుకి వెనక గుమ్మం లేదు, వేరే వంట రాదు. రోలు ఆరిపోయింది.

సుగుణాకర్ ఇంటి నుంచి డబ్బా తెచ్చుకుని శాఖలో తలుపేసుకుని తినేవాడు. ఒక మధ్యాహ్నం పైడిరాజు తలుపు తోసుకుని వచ్చాడు. చేతిలో స్టీలు క్యారియర్. బల్ల మీద పెట్టి, నోయ్ పంపిందన్నాడు. ఆచాన్ ఇన్నాళ్ళు రాలేదంటే జ్వరమేమో, కారం తగ్గించాను, తినమను అందట. మూత సందులోంచి వాసన వచ్చింది. సుగుణాకర్ తన డబ్బాకి మూత పెట్టేశాడు. అతను క్యారియర్‌ని రెండు చేతులతో వెనక్కి తోశాడు. తను తినలేదన్న సంగతి పైవాళ్ళ దగ్గర చెప్పానని, ఇప్పుడు తింటే నిజంగా తిన్నట్టవుతుందని నసిగాడు.

పైడిరాజు అతన్ని వింతగా చూశాడు.

"ఏటండి మాస్టారూ, తిన్నోడు రుచి సెప్పకూడదంటారు, తిననోడు సెప్పాలంటారు. మరి ఈత రానోణ్ణి సముద్రంలోకి తోసి లోతు సెప్పమంతారా? మీకు సదువెవరు సెప్పినారండి?"

సుగుణాకర్ తలెత్తలేదు. తన ఫైలు బల్ల మీదుందని, ఒక్క నెల ఓపిక పట్టమని, పర్మనెంటయితే తన మాటకి విలువొస్తుందని, అప్పుడు నోయ్ కొట్టుకి తనే అడ్డు నిలబడతానని చెప్పాడు. పైడిరాజు క్యారియర్ తీసుకున్నాడు.

"మా నోయికి మీరంటే గురి. మాస్టారు అబద్దమాడరని అంతాది," అని వెళ్ళిపోయాడు.

నివేదిక గడువు వచ్చేసింది. సుగుణాకర్ రాసింది ఒకటే వాక్యం: మూడూ రుచి చూడబడినందున మూడూ ఎంగిలి పడినవి, పోలిక అసాధ్యము. ఇది విని అందరూ చేతులెత్తేసి మూడు హోటళ్ళనీ వాటి మానాన వదిలేస్తారని అతని ఆశ. రిజిస్ట్రారు అతన్ని కౌగిలించుకున్నారు. ఎవరూ రుచి చూడనిది నాలుగోది ఉంది కదా అన్నారు. మర్నాడు తాళం వేసిన నాలుగో గదికి రంగులు వేశారు. తాళం తియ్యలేదు. లోపల పాత బెంచీలు అలాగే ఉన్నాయి. పైన బంగారు అక్షరాలతో బోర్డు: గుర్తింపు పొందిన థాయ్ భోజనశాల. ఏ లోపమూ ఎవరూ ఎత్తి చూపలేని ఏకైక హోటలు అదే. మిగతా మూడింటికీ ఖాళీ చేయమని నోటీసు వెళ్ళింది. తోడల్లుడి విషయంలో కూడా సూత్రం సూత్రమేనని త్రివిక్రమరావుగారు సభలో చెప్పి చప్పట్లు కొట్టించుకున్నారు. తోడల్లుడికి అప్పటికే క్యాంపస్ క్యాంటీన్ ఇచ్చారు.

తనిఖీ బృందం వచ్చింది. దండలు, బాజాలు, బీరకాయ పప్పు లేదని ముందే హామీ. వీసీగారు గేటు దగ్గరే బృందాన్ని ఆపి నాలుగో గది చూపించి, ఎంగిలి పడని సూత్రాన్ని అరగంట వివరించారు. అధ్యక్షుడు పొడుగాటి మనిషి, దేశంలో లెక్కలేనన్ని విశ్వవిద్యాలయాలు చూసి మోకాళ్ళు అరిగినవాడు. బోర్డునీ తాళాన్నీ చాలాసేపు చూశాడు. బయట ఎండ మండిపోతోంది. లోపల నలభై శాఖలు, నలభై పవర్‌పాయింట్లు కాచుకుని ఉన్నాయి.

"చూసినవాడికి పక్షపాతం కలుగుతుందంటారు," అన్నాడాయన మెల్లగా.

"అక్షరాలా," అన్నారు వీసీగారు.

"అయితే మేము లోపలికి రావడం మీకు అన్యాయం చేయడమే అవుతుంది."

బృందం అక్కడి నుంచే వెనక్కి తిరిగి ఏసీ కార్లలో బీచికి వెళ్ళిపోయింది. యూనివర్సిటీకి దాని చరిత్రలో ఎన్నడూ రానంత గొప్ప గ్రేడు వచ్చింది. లైబ్రరీ కప్పు ఎవరూ చూడలేదు, కాబట్టి అది కారడం లేదు. ఊళ్ళో ఫ్లెక్సీలు కట్టారు. సూత్రకర్త సుగుణాకర్ అని అతని ఫొటో కూడా వేశారు, వీసీగారి మోచేతి కింద.

ఆ వారంలోనే ఇంటర్వ్యూ. సుగుణాకర్ కొత్త చొక్కా వేసుకున్నాడు. లోపల త్రివిక్రమరావుగారు, ఇంకో నలుగురు. కుర్చీ కూడా చూపించలేదు.

ఆయన గొంతు సవరించుకున్నారు. ఈ శాఖలో పదకొండేళ్ళు పాఠాలు చెప్పారా అని అడిగారు. చెప్పానన్నాడు. సాహిత్యం చదివారా? చదివానన్నాడు. విద్యార్థులతో పరిచయముందా? ఉందండి, చాలా ఉంది అన్నాడు ఉత్సాహంగా. అయిదు తలలు విచారంగా ఊగాయి.

"మీకే తెలియనిదేముంది సుగుణాకర్‌గారూ. పాఠం చెప్పినవారికి పాఠం పట్ల అభిప్రాయాలు ఏర్పడి ఉంటాయి. మీ సూత్రం ప్రకారం మీరు ఈ పోస్టుకి పూర్తిగా అనర్హులు. మీరే ఇచ్చిన వెలుగులో నడుస్తున్నాం."

పోస్టు ఒక కుర్రాడికి వచ్చింది. కోళ్ళ మేతలో డిగ్రీ. పుస్తకమన్నది పాఠ్యాంశం బయట ఎన్నడూ ముట్టలేదని ధ్రువపత్రం తెచ్చుకున్నాడు. కమిటీ వాళ్ళు అతన్ని వసివాడని పువ్వుని చూసినట్టు చూశారట.

సుగుణాకర్ బయటికొచ్చాడు. మధ్యాహ్నం. ఆకలేసింది, మామూలు ఆకలి కాదు, నెలంతా కూడబెట్టిన ఆకలి. నేరుగా, ఇంకా ఖాళీ చేయని బ్యాంకాక్ భవన్‌లోకి వెళ్ళి ఉన్నదంతా తెమ్మన్నాడు. తిన్నాడు. లేచి థై థైకి పోయి అక్కడా తిన్నాడు. నమస్కారం పెట్టే అమ్మాయి అతని ముఖం చూసి నమస్కారం మానేసింది. తర్వాత నోయ్ వంటిల్లు ముందు నిలబడ్డాడు. గిన్నెలు బస్తాల్లో కట్టేసి ఉన్నాయి. పైడిరాజు రోలు ఆటోలోకి ఎత్తుతున్నాడు.

"ఆచాన్ ఎప్పుడూ తినలేదు కదా," అంది నోయ్. నవ్వలేదు.

"రోజూ తిన్నాను నోయమ్మా. నీ చేతి వంట తిని, తినలేదని చెప్పాను. ఉద్యోగం కోసం చెప్పాను. అదీ రాలేదు. ఇప్పుడు పెట్టు, ఇక్కడే, నడిరోడ్డు మీద తింటాను."

ఆవిడ అతన్ని ఎగాదిగా చూసి, ఆటోలోంచి రోలు దింపించింది. రోడ్డవతల, యూనివర్సిటీ స్థలం కాని చోట, వేపచెట్టు నీడలో పెట్టించి దంచింది. అతనికి ఎప్పుడూ వేసే మిరపకాయలకి రెండింతలు వేసింది, అది శిక్ష. అతను తిన్నాడు. కళ్ళలోంచి, ముక్కులోంచి నీళ్ళు కారాయి. జనం గుమిగూడారు. లెక్చరర్లు కూడా గేటు దగ్గర నిలబడి చూశారు. అప్పుడు అతను అందరికీ వినపడేలా, యూనివర్సిటీకి నెలరోజుల్లో చేతకాని పోలిక చెప్పేశాడు: బ్యాంకాక్ భవన్‌లో పెట్టింది మన చారే, థై థైలో అమ్మేది నమస్కారం, థాయ్ భోజనం దొరికేది ఈ చెట్టు కింద.

అప్పలస్వామి ఆదరాబాదరా వచ్చి, ఇంకా ఎవరూ మానమని చెప్పని డ్యూటీ ప్రకారం అతని వేళ్ళు వాసన చూశాడు.

"మాస్టారూ, మూడు సోట్లా తినీసినారు. ఇంక మీరు ఏ కమిటీకీ పనికి రారండి. నాకు సెప్పిందదే, తిన్నోళ్ళని ఏ కమిటీలోనూ ఎయ్యకూడదంట. ఎప్పటికీని."

గేటు దగ్గరున్న లెక్చరర్లు ఈ మాట విన్నారు. క్రమశిక్షణ కమిటీ, స్వచ్ఛత కమిటీ, స్వాగత కమిటీ, కమిటీల సమన్వయ కమిటీలతో నడుములు విరిగిన మనుషులు వాళ్ళు. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ముందు జంతుశాస్త్రం ప్రొఫెసరు రోడ్డు దాటాడు. ఆయన ఒకచోట తిన్నవాడే, అయినా గట్టిగా చెడిపోవాలని ఆయన కోరిక. వెనకాల మిగతావాళ్ళు. మర్నాటికి చెట్టు కింద బెంచీలు పడ్డాయి, వారానికి పాక లేచింది. సుగుణాకర్ రోజూ మధ్యాహ్నం అక్కడ బొప్పాయి కోరి, సాయంత్రాలు పాకలోనే అడిగినవాళ్ళకి సాహిత్యం చెప్పడం మొదలుపెట్టాడు. ఆ పాఠానికి లోపలి తరగతుల కంటే ఎక్కువ మంది వచ్చారు, వాళ్ళందరి వేళ్ళూ నిమ్మకాయ వాసన వేసేవి.

ఒకరోజు రిజిస్ట్రారుగారి డ్రైవరు క్యారియర్ పట్టుకుని వచ్చాడు. తాళం వేసిన భోజనశాలలో వడ్డించినట్టు లెక్కల్లో రాసిన భోజనాల మీద పైనుంచి విచారణ వచ్చిందట. ఆ విచారణ కమిటీకి త్రివిక్రమరావుగార్నే అధ్యక్షుడిగా వేశారట. ఆయనకి రెండు రాత్రులుగా నిద్రలేదట.

"సార్‌కి ఒక పార్సిలండి," అన్నాడు గొంతు తగ్గించి. "కారం కాస్త ఎక్కువే ఎయ్యమన్నారు. నలుగురికీ వాసన తెలిసేలా."

సుగుణాకర్ కోరుతున్న బొప్పాయి పక్కన పెట్టి నోయ్ వైపు చూశాడు. ఆవిడ దంచడం ఆపలేదు.

"పార్సిల్ లేదు," అంది. "వచ్చి, వరసలో నిలబడి తినాలి. అందరూ చూడాలి."